విడాకుల వేళ ఆస్తి ఎవరిది: విశాఖ దంపతులు కాగితం కాగితంగా తేల్చుకునే పద్ధతి

విడాకుల మాట బయటికి రాగానే చుట్టాల్లో ఒకరు "సగం ఆస్తి నీదేలే" అంటారు. ఇంకొకరు "నీ పేరున లేకపోతే పైసా రాదు" అంటారు. రెండూ నమ్మొద్దు. హిందూ వివాహ చట్టం 1955లో దంపతుల ఆస్తిని చెరిసగం చెయ్యమనే సెక్షన్ ఏదీ లేదు. అలాంటి ఉమ్మడి ఆస్తి పద్ధతి గోవాలో ఉంది, గాజువాకలో లేదు. మన దగ్గర అడిగేది మూడే: ఆస్తి ఎవరి పేరున ఉంది, డబ్బు ఎవరు పెట్టారు, పెట్టినట్టు రుజువేది. ఈ లెక్కలో చేతికి రానిది భరణం, మనోవర్తి, నివాస హక్కు, స్త్రీధనం అనే వేరే దారుల్లో రావచ్చు. ఒక్కో దారికి ఒక్కో సెక్షన్, ఒక్కో రకం రుజువు. అన్నిటినీ ఒకే పిటిషన్‌లో కలగలిపి "నా ఆస్తి నాకిప్పించండి" అని రాయిస్తే ఏదీ సరిగా రాదు.

అందుకే పనిలో ముప్పాతిక భాగం కోర్టు మెట్లెక్కకముందే, ఇంట్లో బీరువా ముందు కూర్చుని చెయ్యాల్సింది.

పట్టిక వేయడం

పొడుగు నోటుబుక్కు తీసుకుని ఐదు గడులు గీయండి. ఆస్తి ఏమిటి, ఎప్పుడు వచ్చింది, ఎవరి పేరున ఉంది, డబ్బు ఎక్కడిది, రుజువు ఎక్కడుంది. అందరూ మొదటి మూడు గడులు గంటలో నింపేస్తారు. కేసు గెలిచేదీ ఓడేదీ నాలుగో గడి దగ్గర. పెళ్లికి ముందు కొన్నది, పుట్టింటివారు రాసిచ్చినది, తండ్రి పోయాక వాటాగా వచ్చినది ఎవరిది వారిదే. అవతలివారికి వాటిలో భాగం లేదు. కానీ తండ్రి ఇచ్చిన 10 లక్షలు ఉమ్మడి ఖాతాలో పడి, అందులోంచి స్కూలు ఫీజులు, కారు డౌన్ పేమెంట్, కొంత ఫ్లాట్‌కి వెళ్లిపోతే హక్కు పోదుగానీ రుజువు పోతుంది. పుట్టింటి డబ్బుకి, వారసత్వపు డబ్బుకి మీ ఒక్కరి పేరున వేరే ఖాతా పెట్టమనేది ఇందుకే.

స్థిరాస్తికి దస్తావేజు నంబరు, రిజిస్టరైన సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు రాసుకోండి. ఈ మూడూ ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తియ్యొచ్చు. 1983 నుంచి లావాదేవీలు కంప్యూటర్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకెళ్లి అడగాలి. ఒరిజినల్ దస్తావేజు అవతలివారి దగ్గర చిక్కుకుంటే గొడవపడి లాక్కోనక్కర్లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే కేసుకి సరిపోతుంది. పొలమైతే మీభూమి వెబ్‌సైట్‌లో భూమి రికార్డులైన 1బీ, అడంగల్ తీయండి. ఇల్లయితే జీవీఎంసీ ఆస్తిపన్ను అసెస్‌మెంట్ నంబరు, ఈపీడీసీఎల్ సర్వీసు నంబరు కూడా అదే వరుసలో రాయండి. తర్వాత పేరు మార్చడానికి అవే కావాలి.

ఇక్కడ మన జిల్లాకే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. పాత కాగితంలో "విశాఖపట్నం జిల్లా" అని ఉన్న నర్సీపట్నం పొలం ఇప్పుడు అనకాపల్లి జిల్లాది, పాడేరు స్థలం అల్లూరి సీతారామరాజు జిల్లాది. పిటిషన్ షెడ్యూలులో (ఆస్తి వివరాల జాబితాలో) పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ రాయించండి. లేకపోతే ఉత్తర్వు తీసుకెళ్లాక "ఇది మా పరిధి కాదు" అనే మాట వినాల్సి వస్తుంది. ఏజెన్సీలో గిరిజనుల పేరున పెట్టి కొన్న భూమిని పంపకంలో లెక్కేయొద్దు. ఏజెన్సీ భూముల బదిలీని కట్టడి చేసే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు అక్కడ హక్కు రాదు. దాన్ని షెడ్యూలులో రాయిస్తే ఇద్దరూ కలిసి తప్పు ఒప్పుకున్నట్టే. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల్లో, అంటే అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లిలో ఉన్న ఇళ్లకు ఏళ్ల తరబడి నడుస్తున్న వివాదం ఉంది. అక్కడ చాలామందికి స్వాధీనమే తప్ప పక్కా టైటిల్ (యాజమాన్య హక్కు) లేదు. అలాంటి ఇంటికి బయటి రేటు కట్టి "నాకు సగం డబ్బివ్వు" అనడం ఎంత తప్పో, రిజిస్ట్రేషన్ అవ్వదు కాబట్టి విలువే లేదనడం కూడా అంతే తప్పు. అనుభవించే హక్కు ఎవరికి వదిలేస్తున్నారో, రేపు క్రమబద్ధీకరణ జరిగితే ఎవరు దరఖాస్తు చేసుకోవాలో ఒప్పందంలో విడిగా రాసుకోవాలి.

స్టీల్‌ప్లాంట్, పోర్టు, డాక్‌యార్డు క్వార్టర్లు ఆస్తి కాదు. ఉద్యోగం ఉన్నంతవరకే. వాటి మీద సమయం వృథా చేయకండి.

బంగారం గ్రాముల్లో రాయండి

పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత ఆమెకంటూ ఎవరు ఏమిచ్చినా అది స్త్రీధనం. పుట్టింటివాళ్లే ఇవ్వాలని లేదు. అత్తగారు వేసిన గొలుసూ అంతే, పసుపు కుంకుమ కింద రాసిచ్చిన అరెకరమూ అంతే. భర్త గానీ అత్తమామలు గానీ దాన్ని భద్రపరిచే మనుషులే తప్ప యజమానులు కారని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. భర్త ఆపదలో వాడుకున్నా తిరిగివ్వాల్సిందేనని 2024లో మళ్లీ చెప్పింది. చట్టం ఇంత గట్టిగా ఉన్నా కేసులు వీగిపోతున్నాయంటే కారణం ఒక్కటే: ఏ వస్తువు, ఎంత బరువు, ఎవరి చేతిలో ఉంది అన్నది రుజువు కాకపోవడం.

"30 తులాల బంగారం పెట్టాం" అని రాస్తారు. ఏ తులం? పాత లెక్కలో తులం 11.66 గ్రాములు. ఇప్పుడు చాలామంది 10 గ్రాములనే తులమంటారు. 30 తులాల మీద తేడా దాదాపు 50 గ్రాములు. కాసు అంటే 8 గ్రాములు. కాబట్టి తులం, కాసు రెండూ మానేసి ఒక్కో నగా విడివిడిగా గ్రాముల్లో రాయండి: నల్లపూసల గొలుసు ఇంత, వడ్డాణం ఇంత, గాజులు జత ఇంత. రాళ్లు, ముత్యాల బరువు తీసేసి నికర బంగారం బరువు పక్కన వేయండి. తరుగు, మజూరీ తిరిగి రావు, వాటిని లెక్కలో కలిపి పెంచి రాస్తే మిగతా జాబితా మీద కూడా అనుమానం వస్తుంది.

రుజువులో బిల్లు అన్నిటికంటే మేలు. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగలు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే హాల్‌మార్క్ వేయించిన షాపు, స్వచ్ఛత వస్తాయి. ఎవరు కొన్నారో మాత్రం రాదు. అందుకే బిల్లు కూడా కావాలి. పాత నగ ఇచ్చి కొత్తది మార్చుకున్నప్పుడు చాలామంది కొత్త బిల్లు ఒక్కటే దాస్తారు, తల్లి ఇచ్చిన పాత గాజులకు ఈ కొత్త హారానికి ఉన్న లంకె అక్కడ తెగిపోతుంది. పాత బంగారం తూకం వేసిన చీటీ కూడా ఉంచండి. బిల్లులేవీ లేకపోతే పెళ్లి ఆల్బమ్, వీడియో, ఒక్కో నగను తూకం మీద పెట్టి తీసిన ఫొటో. ఫోన్ ఫొటోలు, వాట్సాప్ సందేశాలు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. ప్రింట్లు తీసి ఇచ్చేస్తే చాలదు. ఆ ఫోన్ అమ్మేయకండి, రీసెట్ చేయకండి.

లాకరు ఇద్దరి పేరున ఉండి, ఎవరైనా తెరవొచ్చన్న షరతుతో ఉంటే, ఇవాళ ఒకరు వెళ్లి ఖాళీ చేసినా బ్యాంకు అడ్డుకోదు. ముందే లిఖితపూర్వకంగా బ్యాంకుకి ఇవ్వండి: మా ఇద్దరి మధ్య వివాదం ఉంది, ఇకపై ఇద్దరం కలిసి వస్తేనే తెరవండి అని. ఒక కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. ఎవరు ఏ రోజు, ఎన్నింటికి లాకరు తెరిచారో బ్యాంకులో నమోదు ఉంటుంది. తెరిచిన రోజే కస్టమర్‌కి ఎస్సెమ్మెస్, ఈమెయిల్ పంపాలని ఆర్‌బీఐ నిబంధన. ఆ సందేశం వచ్చేది ఏ ఫోన్ నంబరుకో ముందు చూసుకోండి. కోర్టు ద్వారా ఆపించాలంటే గృహహింస చట్టం 2005 సెక్షన్ 18 కింద లాకర్లు, ఖాతాలు ముట్టుకోవద్దని ఉత్తర్వు అడగొచ్చు. స్త్రీధనం తిరిగి ఇప్పించమని సెక్షన్ 19(8) కింద మేజిస్ట్రేట్‌ని అడగొచ్చు. అడిగేటప్పుడు రెండు ముక్కలుగా అడగాలి: నగలే ఇవ్వాలి, అవి లేకపోతే చెల్లించే రోజునాటి బంగారం ధర ఇవ్వాలి. "పెళ్లినాటి విలువ 9 లక్షలు" అని రాసేస్తే అప్పటి ధరకే కట్టుబడిపోతారు.

తిరిగి ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త ఇచ్చేవారికే ఎక్కువ అవసరం. ఇద్దరు సాక్షుల ముందు తూకం వేసి, జాబితా మీద తీసుకున్నవారి సంతకం పెట్టించుకుని, వీడియో తీయండి. కాగితం లేకుండా బావమరిది చేతికిచ్చి పంపిన నగలు రేపు "ఇవ్వలేదు" అవుతాయి.

అబ్బాయికి పెట్టిన ఉంగరం, గొలుసు అబ్బాయివే. మంచం, బీరువా, ఫ్రిజ్ లాగా ఇద్దరికీ కలిపి ఇచ్చిన పెళ్లి కానుకల సంగతి హిందూ వివాహ చట్టం సెక్షన్ 27లో ఉంది. అవి విడాకుల పిటిషన్‌లోనే, డిక్రీకి (కోర్టు తుది ఉత్తర్వుకి) ముందే అడగాలి. మర్చిపోతే ఒక పాత ఫ్రిజ్ కోసం మళ్లీ దావా వేయాలి, ఎవరూ వేయరు. కట్నంగా ఇచ్చిన డబ్బు కూడా వరకట్న నిషేధ చట్టం సెక్షన్ 6 ప్రకారం ఆమెకే చెందాలి. కాకపోతే నగదుగా ఇచ్చిన 20 లక్షలకు ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న కూడా వెంట వస్తుంది. బ్యాంకులోంచి తీసిన తేదీ, పొలం అమ్మిన దస్తావేజు దగ్గర పెట్టుకున్నాకే ఆ అంకె రాయించండి.

ఫ్లాట్, దాని మీద అప్పు

మధురవాడలోనో పెందుర్తిలోనో కొన్న ఫ్లాటే చాలా జంటలకు అసలు ఆస్తి. ఒకరి పేరునే ఉంటే టైటిల్ వారిది. అవతలివారు డబ్బు పెట్టినట్టు రుజువు చేస్తే ఆ మేరకు అడగొచ్చు. బినామీ చట్టం 2016 సవరణ తర్వాత కూడా తెలిసిన ఆదాయంతో భార్య లేదా భర్త పేరున కొన్నది బినామీ కిందకి రాదు కాబట్టి ఆ వాదనతో భయపెట్టలేరు. ఇంటి చాకిరీకి విలువ లేదా అంటే, 2023లో మద్రాసు హైకోర్టు గృహిణి శ్రమను కూడా ఆస్తి సంపాదనలో భాగంగా లెక్కించి సగం వాటా ఇచ్చింది. మన హైకోర్టును అది కట్టిపడేయదు గానీ వాదనలో పెట్టదగ్గది. ఇద్దరి పేరున ఉంటే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 45 ప్రకారం ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటా. రుజువేమీ లేకపోతే సమానమనుకుంటారు.

ఆ నిష్పత్తి లెక్కే గొడవంతా. ఒక ఉదాహరణ చూద్దాం. ఫ్లాట్ ధర 60 లక్షలు. డౌన్ పేమెంట్‌లో భార్య 9 లక్షలు, భర్త 6 లక్షలు పెట్టారు. లోను 45 లక్షలు. తొమ్మిదేళ్లలో కట్టిన వాయిదాలు 42 లక్షలు: భర్త 30, భార్య 12. ఇంకా 33 లక్షలు బాకీ ఉంది, అంటే అసలు తీరింది 12 లక్షలే, మిగతాది వడ్డీ. ఇవాళ ఫ్లాట్ 98 లక్షలు. బాకీ పోగా పంచేది 65 లక్షలు.

కట్టిన ప్రతి రూపాయినీ లెక్కేస్తే భార్య 21, భర్త 36, మొత్తం 57. భార్య వాటా సుమారు 24 లక్షలు. వడ్డీ తీసేసి అసలు మాత్రమే లెక్కేస్తే, ఆ 12 లక్షలు వాయిదాల నిష్పత్తిలో విడిపోయి భార్య 12.4, భర్త 14.6, మొత్తం 27. ఇప్పుడు భార్య వాటా సుమారు 30 లక్షలు. పద్ధతి మారితే ఆరు లక్షలు మారింది. డౌన్ పేమెంట్ ఎక్కువ పెట్టినవారికి రెండో పద్ధతి, వాయిదాలు ఎక్కువ కట్టినవారికి మొదటి పద్ధతి లాభం. మాటలకు కూర్చునే ముందే లోను స్టేట్‌మెంట్ తెప్పించి రెండు విధాలా వేసి చూసుకోండి. వాయిదాలు ఒకరి ఖాతాలోంచి వెళ్తూ ఇంటి ఖర్చు అంతా రెండోవారి జీతంలోంచి వెళ్లిన ఇళ్లు చాలా ఉంటాయి. అప్పుడు కిరాణా, ఫీజుల స్టేట్‌మెంట్లు కూడా సాక్ష్యమే. ధర విషయంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు మార్కెట్ విలువ వేరు, బయటి రేటు వేరు. బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వాల్యుయర్‌ చేత రిపోర్టు రాయించుకుంటే బేరం అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు అందరూ దెబ్బతినే చోటు. "ఫ్లాట్ భర్త ఉంచుకుంటాడు, లోను ఆయనే కడతాడు" అని డిక్రీలో రాయించుకుని భార్య నిశ్చింతగా ఉంటుంది. ఆ డిక్రీలో బ్యాంకు పార్టీ కాదు. కో-అప్లికెంటుగా సంతకం పెట్టినంతకాలం బాకీ ఇద్దరి మీదా ఉంటుంది. ఆయన మూడు వాయిదాలు ఎగ్గొడితే ఆమె సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు ఆమెకు లోను రాదు. బయటపడే దారులు మూడు: బ్యాంకు ఒప్పుకుని ఆమె పేరు తీసేసి కొత్తగా లోను కాగితాలు రాయించడం, ఆయన ఒక్కడి పేరున వేరే బ్యాంకుకి మార్చడం, లేదా అమ్మి తీర్చేయడం. ఆయన జీతం ఒక్కటే చూస్తే అంత లోను రాదని బ్యాంకు అంటే మొదటి రెండూ కుదరవు, అమ్మకమే మిగులుతుంది. ఈ సంగతి ఒప్పందం రాసుకోక ముందే బ్యాంకుకెళ్లి కనుక్కోవాలి. లోను తీరాక తాకట్టు రిలీజ్ దస్తావేజు రిజిస్టరై ఈసీలో కనిపించేదాకా కొనేవాళ్లు ముందుకు రారు.

అత్తమామల పేరున ఉన్న ఇంట్లో కోడలికి వాటా ఉండదు. అయితే అది ఆమె కాపురం చేసిన ఇల్లయితే అక్కడ నివసించే హక్కు గృహహింస చట్టం కింద అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నివాసం వేరు, యాజమాన్యం వేరు. భర్త పూర్వీకుల ఆస్తిలో కూడా భార్యకు విడాకులప్పుడు భాగం రాదు, పిల్లలకు పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం ఉంటుంది. దాన్ని తల్లిదండ్రుల రాజీలో వదులుకోవడానికి వీల్లేదు. మైనరు పేరున ఉన్న స్థలం అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి.

అమ్మేయకుండా ఆపడం

విడాకుల పిటిషన్ వేసినంత మాత్రాన ఆస్తి అమ్మకం ఆగదు. కేసు నడుస్తుండగా కొన్నవారు తీర్పుకి కట్టుబడాలన్న ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 రక్షణ, ఆ ఆస్తి మీద హక్కే ఆ కేసులో ప్రశ్నగా ఉన్నప్పుడు పనిచేస్తుంది. కాబట్టి ఫ్యామిలీ కోర్టులోనే ఆస్తి మీద హక్కు అడుగుతూ, సర్వే నంబరు, హద్దులు, ఫ్లాట్ నంబరు, అవిభాజ్య వాటా ఎన్ని గజాలో షెడ్యూలు వేసి, దానితోపాటు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే ఉత్తర్వు) అడగాలి. హద్దులు తప్పుగా పడితే ఉత్తర్వు వచ్చినా పనిచేయదు. ఉత్తర్వు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీ తీసి సంబంధిత సబ్ రిజిస్ట్రార్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. జేబులో పెట్టుకు తిరిగితే రిజిస్ట్రేషన్ ఆగదు. పదిహేను రోజులకోసారి ఈసీ చూస్తూ ఉండటం కూడా అలవాటు చేసుకోండి.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న భర్తకో భార్యకో ఇచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంటే దాన్ని రద్దు దస్తావేజుతో రిజిస్టర్ చేయించి, ఏజెంటుకి నోటీసు పంపండి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఇంట్లో వదిలేసి ఉంటే వాటి నంబర్లతో బ్యాంకులో స్టాప్ పేమెంట్ చెప్పండి. అక్కడి కోర్టు విడాకుల డిక్రీ ఇచ్చినా, మన చట్టంలో లేని కారణం మీద, అవతలివారు ఆ కోర్టుకు లోబడకుండా ఉండగా ఇచ్చినదైతే ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖలోని స్థలం ఎవరిదో తేల్చాల్సింది ఇక్కడి కోర్టే.

దాచడం కాపాడుకోవడం కాదు

నోటీసు రాబోతోందని తెలిసి స్థలం తమ్ముడి పేరున గిఫ్ట్ రాసేవాళ్లు, అత్త పేరున ఎఫ్‌డీ మార్చేవాళ్లు, పాత తేదీలతో ప్రోనోట్లు సృష్టించి "నాకు 25 లక్షల అప్పుంది" అనేవాళ్లు ఉంటారు. రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరులో సుప్రీంకోర్టు మనోవర్తి అడిగే ప్రతి కేసులో ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలని కట్టడి చేసింది. అందులో అబద్ధం తేలితే విడిగా చర్య ఉంటుంది. అంతకంటే నష్టం ఏమిటంటే, ఒక్క అబద్ధం పట్టుబడ్డాక మిగతా నిజాలను కూడా జడ్జి నమ్మరు, భరణం అంకె అక్కడ పెరుగుతుంది. బోగస్ ప్రోనోటుకి ఎదురుగా అడగాల్సింది చిన్న ప్రశ్న: డబ్బు ఏ ఖాతాలోంచి ఏ ఖాతాకి వెళ్లింది? 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడమే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. ఇక అవతలివారి ఈమెయిల్, బ్యాంకు యాప్ పాస్‌వర్డ్ తెలుసు కదా అని లాగిన్ అయి స్క్రీన్‌షాట్లు తీయడం మీ మీదే కేసు తెచ్చుకోవడం. కోర్టు ద్వారా బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించుకునే దారి ఉంది.

సక్రమంగా చేయదగ్గవి చాలానే ఉన్నాయి. మీ జీతం మీ ఒక్కరి ఖాతాకి మార్చుకోవడం, మీ ఖాతాల ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చేలా చూసుకోవడం, ఉమ్మడి ఖాతాలో ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు తీసేలా లేఖ ఇవ్వడం. ఉమ్మడి ఖాతా మొత్తం ఊడ్చేయకండి, మీరు పెట్టారని చూపించగలిగినంతే తీయండి.

చీటీలు చూసుకోండి. భర్త పాడుకున్న చీటీకి భార్య జామీను సంతకం పెట్టి ఉంటుంది, లేదా భార్య చీటీకి భర్త. విడాకులైనా ఆ జామీను పోదు. మిగిలిన వాయిదాలు కట్టేసి, లేదా వేరే జామీనుదారుని పెట్టి, కంపెనీ నుంచి మీ పేరు తీసేసినట్టు లేఖ తీసుకోవాలి. ఆమె నగలు ఆయన పేరున గోల్డ్ లోనులో ఉన్న సందర్భంలో కూడా అంతే, ఏ బ్రాంచి, ఏ లోను నంబరు, ఎవరు ఏ తేదీకి విడిపిస్తారు అన్నది రాసి ఉండాలి.

భరణం అంకె

మనోవర్తి కేసు నడుస్తున్నప్పటికి (హిందూ వివాహ చట్టం సెక్షన్ 24, వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టం), శాశ్వత భరణం తీర్పుతో (అదే చట్టం సెక్షన్ 25). రెండూ భార్యగానీ భర్తగానీ అడగొచ్చు. నికర జీతంలో నాలుగో వంతు అనే మాట 2017 సుప్రీంకోర్టు తీర్పు నుంచి ప్రచారంలో ఉంది. అది కొలబద్దే గానీ సూత్రం కాదు. పీఎఫ్ డబ్బు ఖాతాలో ఉండగా జప్తు కాదు. జీతం మాత్రం మనోవర్తి డిక్రీ అమలులో మూడింట రెండు వంతుల దాకా జప్తు కావచ్చు. నేవీలో ఉన్నవారికి నేవీ చట్టంలోనే భార్యాబిడ్డల పోషణకు జీతంలోంచి మినహాయించే ఏర్పాటు ఉంది. ఒకేసారి తీసుకునే భరణాన్ని కోర్టులు మూలధనంగా చూశాయి, నెలనెలా వచ్చేది ఆదాయం కింద లెక్కకొస్తుంది. బేరమాడేటప్పుడు ఈ తేడా కలిపి చూసుకోండి. వకీలు ఫీజు భారమైతే మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది, ఫోన్ 15100.

రాజీ అయితే వరుస తప్పొద్దు

పరస్పర అంగీకార విడాకులకు (హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి) ఏడాది విడిగా ఉండి పిటిషన్ వేయాలి, ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య రెండోసారి హాజరై చెప్పాలి. తగిన సందర్భంలో ఆ ఆరు నెలలు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేలోగా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. డబ్బంతా మొదటి రోజే ఇచ్చేసినవాళ్లు, ఫ్లాట్ ముందే రాసిచ్చేసినవాళ్లు అక్కడ మునుగుతారు. ఏమీ ఇవ్వకుండా డిక్రీ తీసుకుంటే అవతలివాళ్లు మునుగుతారు. పనిచేసే పద్ధతి: మొదటి హాజరులో మూడో వంతు, పెట్టుకున్న క్రిమినల్ కేసులు హైకోర్టులో కొట్టేయించుకునే రోజు మూడో వంతు, రెండో హాజరు రోజు మిగతాది. అన్నీ డీడీలుగానే, నంబర్లు కోర్టు వాంగ్మూలంలో ఎక్కేలా.

ఫ్లాట్‌లో వాటా వదులుకునే రిలీజ్ డీడ్ లేదా సెటిల్‌మెంట్ దస్తావేజు రెండో హాజరుకు ముందు రోజో ఆ పొద్దునో రిజిస్టర్ చేయించడం మేలు. డిక్రీలో రాసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ ఆఫీసులో పేరు మారిపోదు. డిక్రీ అయ్యాక ఇద్దరూ చట్టం దృష్టిలో పరాయివాళ్లు కాబట్టి కుటుంబ సభ్యుల మధ్య దస్తావేజులకు ఉండే స్టాంపు రాయితీ, భార్యాభర్తల మధ్య గిఫ్ట్‌కి ఉండే పన్ను మినహాయింపు అందకుండా పోయే ప్రమాదం ఉంది. స్లాటు ముందే బుక్ చేసి, చలానా కట్టి, డాక్యుమెంట్ రైటర్ చేత ముసాయిదా ఇద్దరు వకీళ్లకూ చూపించి ఉంచండి. కేసు వాయిదా పడితే స్లాటు కూడా మార్చుకోవాలి, అందుకే రెండూ ఒకే మనిషికి అప్పగించండి.

ఒప్పందంలో పార్కింగ్ స్థలం, అసోసియేషన్ డిపాజిట్, ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు ఎవరికి, ఏ తేదీకి అప్పగిస్తారో రాయండి. ఇవి చిన్నవనిపిస్తాయి, ఫ్లాట్ అమ్మే రోజు ఇవే అడ్డం పడతాయి. "భవిష్యత్తులో ఎలాంటి క్లెయిములూ లేవు" అని రాసేటప్పుడు పిల్లల హక్కులు ఆ వాక్యంలోకి రాకుండా చూడండి.

ముస్లిం దంపతులకు మెహర్, ఇద్దత్ కాలపు పోషణ, పెళ్లప్పుడు వచ్చిన ఆస్తి తిరిగి రావడం 1986 చట్టం కింద. క్రైస్తవులకు విడాకుల చట్టం 1869, రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవారికి ప్రత్యేక వివాహ చట్టం 1954. పైన చెప్పిన టైటిల్, లోను, లాకరు లెక్కలు మాత్రం అందరికీ ఒకటే.

కేసు నడుస్తుండగానే, డిక్రీ తర్వాత

కేసు నడుస్తుండగా ఒకరు చనిపోతే రెండోవారు ఇంకా చట్టప్రకారం వారసులే. అది ఇష్టం లేకపోతే మీ స్వార్జితానికి ఇప్పుడే వీలునామా రాయండి. పాత వీలునామాలో భార్య పేరో భర్త పేరో ఉంటే విడాకులతో అది దానంతటది రద్దు కాదు. పీఎఫ్ ఈ-నామినేషన్, గ్రాట్యుటీ ఫారం, ఎల్‌ఐసీ, డీమ్యాట్, బ్యాంకు, ఎన్‌పీఎస్ ఒక్కోటి విడివిడిగా మార్చాలి. ఎంప్లాయర్‌కి ఒక లేఖ ఇస్తే అన్నీ మారవు. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1874 కింద భార్య పేరున తీసిన పాలసీ ట్రస్టు లాంటిది. దాన్ని భర్త ఏకపక్షంగా మార్చలేడు, దాని సంగతి రాజీలోనే తేల్చాలి.

డిక్రీ సర్టిఫైడ్ కాపీలు ఐదారు ఒకేసారి తీసుకోండి. బ్యాంకు, పాస్‌పోర్టు, స్కూలు ఇలా ఒక్కోచోట ఒక్కోటి అడుగుతారు. దస్తావేజు రిజిస్టరైన వారంలోగా కొత్త ఈసీ తీసి మీ పేరు ఎక్కిందో లేదో చూసి, అదే కాగితంతో జీవీఎంసీలో పన్ను పేరు మార్పుకి, ఈపీడీసీఎల్‌లో సర్వీసు పేరు మార్పుకి దరఖాస్తు పెట్టండి. పాత ఆస్తిపన్ను బకాయి ఒక్క రూపాయి ఉన్నా అక్కడ ఫైలు ఆగుతుంది, కాబట్టి వెళ్లేముందే కట్టేసి రసీదు జత చేయండి.